డాక్టరు గారి జింక తోలు

ఆయన పోయి రెండేళ్ళు దాటింది. ఈ నాలుగు మాటలు అప్పుడే రాయవలసింది. కానీ అప్పటికి నాకు అక్షరాలు రావు. వేలిముద్ర మాని సంతకం గీయడం నేర్చుకున్నాను గానీ, ఆ గీతల్లో ఏది ఏ అక్షరమో తెలియదు. మనవరాలిని ఆదివారం తెలుగు క్లాసుకు తీసుకెళ్ళి, బయట చలికి ఆగలేక లోపల వెనక బల్ల మీద కూర్చునేదాన్ని. పంతులమ్మ నాకూ ఒక పుస్తకం ఇచ్చింది. అరవై ఏళ్ళకు, ఏడేళ్ళ పిల్లల పక్కన కూర్చుని గుణింతాలు దిద్దాను. మనవరాలు మధ్యలో మానేసి స్విమ్మింగ్‌కు పోయింది. నేను మానలేదు.

అక్షరాలు వచ్చాక కూడా కొన్నాళ్ళు ఊరుకున్నాను. ఆయన గురించి రాస్తే నా సంగతి కూడా చెప్పాలి. అది ఎవరికీ చెప్పవద్దని, నన్ను ఈ దేశం తెచ్చిన వారంలోనే మా అమ్మాయి చెప్పింది. పోయిన శుక్రవారం ఒక పార్శిల్ వచ్చింది. ఇంక ఊరుకోవడం నాకు చేతకాలేదు.

ఎడిసన్‌లో మా అమ్మాయి ఇంటికి నాలుగు వీధుల అవతల ఆయన ఇల్లు. అందరూ డాక్టరు గారు అనేవారు, నేను సార్ అనేదాన్ని. యాభై ఏళ్ళ కింద గోదావరి వైపు నుంచి వచ్చి, ఇక్కడి ఆసుపత్రుల్లో ఆపరేషన్లు చేసి, రిటైరైన మనిషి. భార్య పోయింది, కొడుకు కాలిఫోర్నియాలో ఉంటాడు. వంటకు మనిషి కావాలంటే మా అమ్మాయి నన్ను పంపింది. కారు దిగేముందు నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, వాళ్ళు బ్రాహ్మిన్స్. ఎవరన్నా అడిగితే నల్గొండ అని చెప్పు. అంతే. ఇంకేం చెప్పకు, ప్లీజ్. ఇక్కడ అందరం ఫ్రెండ్స్‌మి. నాకు మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టే ఓపిక లేదు."

దాని మీద నాకు కోపం రాలేదు. దాని అలసట నాకు తెలుసు. అది నా దగ్గరి నుంచి దానికి వచ్చిందే.

ఆయన పంచె మీద, కొడుకు చదివిన కాలేజీ పేరున్న స్వెట్‌షర్టు వేసుకునేవాడు. కాళ్ళకు మంచు బూట్లు. దేనికైనా ఒకటే మాట: "తొందర లేదమ్మాయ్, పేషెంటు ఎక్కడికీ పోడు." కుక్కరు కూత వేయకపోయినా అదే మాట, ఎర్ర లైటు దగ్గర వెనక కారువాడు హారన్ కొట్టినా అదే మాట.

చేతులు మోచేతుల దాకా కడిగేవాడు. కడిగి, రెండు చేతులూ పైకెత్తి, నీళ్ళు కారుతుండగా అలాగే నిలబడేవాడు. నర్సు తువ్వాలు తెచ్చి ఇచ్చే రోజుల అలవాటు. ఇంట్లో భార్య ఇచ్చేదట. ఆమె పోయాక కూడా ఆ చేతులు కాసేపు అలా ఎదురు చూసేవి. తర్వాత ఆయనకు గుర్తొచ్చి తువ్వాలు కోసం అటూ ఇటూ చూసేవాడు. మొదటి వారంలోనే నేను ఇవ్వడం మొదలుపెట్టాను. మరునాటి నుంచి ఆయన వెతకడం మానేశాడు.

ఏం వండాలో చీటీ రాసి ఫ్రిజ్ మీద అంటించేవాడు. మొదటి రోజు కళ్ళజోడు మరిచిపోయానన్నాను. రెండో రోజు కూడా అదే అన్నాను. మూడో రోజు చీటీ మీద మాటల్లేవు, బొమ్మ ఉంది. ఎంత చూసినా అదేమిటో తెలియలేదు.

"ఇదేంది సార్?"

"వంకాయ."

"మూత్రపిండం లెక్కుంది."

ఆయన కళ్ళజోడు పైకి తోసి చూసుకుని నవ్వాడు. "నిజమే. చేయి అలవాటు, ఏం చేయను! అరటికాయ వేస్తే పేగులా వస్తుందేమో, ముందే చెబుతున్నాను."

చదువు రాదా అని అడగలేదు. ఆ తర్వాత ఏడాదంతా బొమ్మలే. ఆయన అడగకుండా తెలుసుకునే మనిషి. అది మర్యాదే అనుకున్నాను. కొన్ని సంగతులు అడగకపోవడం ఆయనకు కూడా సుఖమేనని తర్వాత తెలిసింది.

నవంబరులో ఒకరోజు గుడి నుంచి వస్తుంటే ఆయన కారుకు జింక అడ్డం పడి చచ్చిపోయింది. పోలీసు వచ్చి, కావాలంటే తీసుకెళ్ళమని కాగితం రాసిచ్చాడు. పక్కింట్లో వేటకు వెళ్ళే తెల్లాయన ఉన్నాడు. అతను మాంసం తాను తీసుకుని తోలు ఒలిచి ఇచ్చాడు. డాక్టరు గారి నాన్నగారు జింక చర్మం మీద కూర్చుని జపం చేసేవారట. భార్య పోయాక ఈయన కూడా జపం మొదలుపెట్టాడు, యోగా చాప మీద.

"నా చేతిలో పోయింది. రోడ్డు పక్కన పారేయలేను కదా. దాని మీదే కూర్చుంటాను," అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖంలో నవ్వు లేదు.

కంప్యూటరులో చూసి, గ్యారేజీలో బల్ల వేసి మొదలుపెట్టాడు. తోలు లోపలి వైపు అంటుకుని ఉన్న మాంసం, కొవ్వు ముందు గీకేయాలి. దానికి ఆయన తీసింది ఆపరేషన్ కత్తి. అంత పదునైన కత్తి మాంసంతో ఆగదు. మధ్యాహ్నం అన్నానికి పిలవడానికి వెళితే తోలుకు మూడు చిల్లులు. ఆయన వాటిని కుడుతున్నాడు. ఎంత సన్నటి కుట్లంటే, అంత అందంగా మనిషికి కూడా ఎవరూ కుట్టి ఉండరు.

ఈ పని ఇలా కాదని నాకు నోటిదాకా వచ్చింది. నల్గొండ అని మాత్రమే చెప్పమంది కదా అమ్మాయి. లోపలికి వచ్చి గిన్నెలు తోముకున్నాను. గ్యారేజీ తలుపు సందులోంచి పచ్చితోలు వాసన వస్తోంది. నలభై ఏళ్ళ తర్వాత ఆ వాసన. మా ఇల్లు గుర్తొచ్చింది, అంతే.

మరునాడు ఆయన పెద్ద గిన్నెలో నీళ్ళు కాచాడు. మరిగే గిన్నెను గుడ్డలతో పట్టుకుని గ్యారేజీలోకి పోతుంటే ఎందుకన్నాను.

"స్టెరిలైజ్ చెయ్యొద్దూ? ఎంత బ్యాక్టీరియా ఉంటుందో దాంట్లో!"

నేను ఆయన కంటే ముందు పోయి తోలుకు అడ్డం నిలబడ్డాను.

"పొయ్యకుండ్రి సార్! ఉడుకుతది! బొచ్చంత ఊడొస్తది, తోలు ముడుచుకపోయి అప్పడమైతది!"

ఆయన గిన్నె కింద పెట్టాడు. నా వైపు చూశాడు. "అలాగా," అన్నాడు మెల్లగా. "అయితే ఏం చెయ్యమంటావ్?"

ఇక దాచి లాభం లేదు. వెనక దొడ్లో పడి ఉన్న నున్నటి మొద్దు తెప్పించి ఏటవాలుగా నిలబెట్టాను. దాని మీద తోలు పరిచి, కూరగాయల కత్తి వెనక వైపుతో గీకాను. తోలు పనికి పదును లేని అంచు కావాలి, ఒంటి బరువంతా దాని మీద వేయాలి. గీకడమయ్యాక దట్టంగా ఉప్పు పట్టించి రెండు రోజులు ఉంచాం. తర్వాత పెద్ద బకెట్లో పటిక, ఉప్పు కలిపిన నీళ్ళలో వేశాం. మా నాయిన అయితే లందలో తంగేడు చెక్క వేసి ఊరబెట్టేవాడు. లంద అంటే తోళ్ళు నానబెట్టే తొట్టి. ఇక్కడ తంగేడు ఎక్కడిది? పటిక ఓక్ ట్రీ రోడ్డు మీది మనవాళ్ళ కొట్లో దొరికింది. ఆయన అజీర్తికి వాడే కరక్కాయ పొడి డబ్బా కూడా అందులో గుమ్మరించాను.

"అది నా మందమ్మాయ్!"

"తోలుకు గూడ మందే సార్."

వారం రోజులు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కర్రతో తిప్పాం. వచ్చినప్పుడల్లా ఆయన, "మన పేషెంటు ఎలా ఉన్నాడు?" అనేవాడు. నడుమ నడుమ, "ఇదంతా నీకెలా తెలుసు?" అనేవాడు. "మా ఊళ్ళె చూసిన సార్," అనేదాన్ని. ఆయన తల ఊపేవాడు.

ఎనిమిదో రోజు తోలు తీసి, కడిగి, నీళ్ళోడ్చి, లోపలి వైపు ఆముదం రాశాం. అసలు పని అప్పుడు మొదలవుతుంది. తోలు ఆరుతున్నంతసేపూ దాన్ని గుంజుతూ, నలుపుతూ ఉండాలి. ఒక గంట వదిలేస్తే చెక్కలా బిగుసుకుపోతుంది. అందుకే ఇది ఒక్కరి పని కాదు. ఒక కొస ఆయన పట్టుకున్నాడు, ఇంకో కొస నేను. కుర్చీ వీపు మీదుగా అటు ఆయన, ఇటు నేను, పొద్దున తొమ్మిదింటి నుంచి. పదకొండు దాటేసరికి నా భుజాలు పడిపోయాయి. ఆయనవి ఎప్పుడో పడిపోయాయి, పైకి చెప్పలేదు.

అప్పుడు అడిగాడు. "చూస్తే వచ్చే చెయ్యి కాదమ్మాయ్ ఇది. నేను జన్మంతా చేతుల్ని చూస్తూ బతికినవాణ్ణి. ఎవరి దగ్గర నేర్చుకున్నావ్?"

అబద్ధం చెప్పడానికి కూడా ఒంట్లో కొంచెం ఓపిక ఉండాలి. ఆ రోజు నాకు లేదు.

"మా నాయిన దగ్గర. మా నాయిన ఇదే పని చేసిండు. మేం మాదిగోళ్ళం సార్."

ఆయన చేతులు ఒక్క క్షణం ఆగాయి. తోలు నడుమ వదులై జారింది.

"ఆపకుండ్రి. బిగుసుకపోతది," అన్నాను.

మళ్ళీ గుంజాడు. తోలు తడిగా ఉంది కాబట్టి ఇద్దరం అక్కడి నుంచి కదలలేం. మధ్యాహ్నం రెండు దాకా అలాగే అటు ఆయన, ఇటు నేను. చివరికి తోలు దుప్పటిలా మెత్తబడింది. మంచి తోలు వచ్చింది. మా నాయిన చూసినా తప్పు పట్టడు.

ఆయన లోపలికి పోయి చేతులు మోచేతుల దాకా కడుక్కున్నాడు. నేను తువ్వాలు పట్టుకుని నిలబడ్డాను. ఆయన చేతులు పైకెత్తలేదు. పంచెకు తుడుచుకున్నాడు.

"ఆకలి లేదమ్మాయ్," అని పైకి వెళ్ళిపోయాడు.

మరునాడు తోలు మీద నీళ్ళు చల్లి, ఏవో మంత్రాలు చదివి, దాని మీద కూర్చుని జపం చేశాడు. నేను వంటింట్లోంచి చూశాను. చిన్నప్పుడు ఒకసారి మా నాయిన వెంట ఒక పంతులు గారింటికి ఇలాంటి తోలే మోసుకెళ్ళాను. అరుగు కింద పెట్టి మేం వెనక్కి జరిగాం. ఆ పంతులు గారు కూడా ఇలాగే నీళ్ళు చల్లి తీసుకున్నారు. నీళ్ళు చల్లితే తోలు శుద్ధి అవుతుంది. అన్నానికి ఆ సదుపాయం లేదనుకుంటాను. జపం అయ్యాక ఆయన అరటిపండు తిన్నాడు. ఆ మరునాడు బ్రెడ్డు. మూడో రోజు పెరుగు డబ్బా, షాపుది.

మూడు రోజులూ నేను వెళ్ళాను, వండాను, సాయంత్రం పారబోశాను. మా అమ్మాయికి చెప్పలేదు. ఏడుపు రాలేదు. ఎక్కువ దూరం నడిచి వచ్చాక ఇంకా నడవాలని తెలిస్తే ఎలా ఉంటుందో అలా ఉండింది.

నాలుగో రోజు వెళ్ళి పొయ్యి వెలిగించలేదు. కుర్చీలో కూర్చున్నాను. పది గంటలకు ఆయన వచ్చాడు. సింకు దగ్గర చేతులు కడుక్కున్నాడు. పైకెత్తి నిలబడ్డాడు.

నేను లేవలేదు. మోచేతుల నుంచి నీళ్ళు నేల మీద పడుతున్నాయి. ఆయన చేతులు దించలేదు. డెబ్భై తొమ్మిదేళ్ళ చేతులు, వణకడం మొదలైంది. అప్పుడు లేచి తువ్వాలు ఇచ్చాను.

"నలభై ఏళ్ళమ్మాయ్," అన్నాడు తుడుచుకుంటూ. "ఎవరెవరి కడుపుల్లో చెయ్యి పెట్టానో. ఎవరు నువ్వు అని ఒక్కణ్ణి అడగలేదు. అడగాలని కూడా తోచలేదు. అన్నం దగ్గర మాత్రం..."

ఆగాడు. నేను ఆ మాట పూర్తి చేసి ఆయనకు సాయం చేయలేదు.

"ఏం వండావు?"

"వండలే సార్. మూడ్రోజులు పారబోసిన. చేతులు నొస్తున్నయి."

"సరే, కూర్చో. నేను చేస్తాను."

ఆ ఇంట్లో ఆయన పొయ్యి ముట్టించడం నేను అదే మొదటిసారి చూశాను. మందు కొలిచే చిన్న గ్లాసుతో నీళ్ళు కొలిచి ఉప్మా చేశాడు. రవ్వ వేయించలేదు. ఉప్పు రెండుసార్లు వేశాడు. గోడకు పోస్టరు అంటించుకోవడానికి పనికొస్తుంది, అలా వచ్చింది. ఎదురెదురుగా కూర్చున్నాం.

"ఎలా ఉంది?"

"పేషెంటు బతకడు సార్."

గట్టిగా నవ్వాడు. నవ్వి నవ్వి, కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. మర్నాటి నుంచి నేనే వండాను, ఆయన తిన్నాడు. ఆ మూడు రోజులు నేను మరిచిపోలేదు. మరిచిపోయానని ఆయనతో అనలేదు కూడా.

ఇంకొక్కటి చెప్పాలి. ఒక ఆదివారం ఆయన పాత స్నేహితులు నలుగురు వచ్చారు. జింక చర్మం చూసి ముచ్చటపడ్డారు. ఎవరు చేశారని అడిగారు. ఆయన వంటింటి వైపు ఒకసారి చూసి, "నేనే. ఇంటర్నెట్‌లో చూసి," అన్నాడు. "సర్జన్ చెయ్యి కదా మరి!" అని వాళ్ళు కుట్లు తడిమి చూశారు.

వాళ్ళు వెళ్ళాక వంటింట్లోకి వచ్చాడు. "నీకు ఇబ్బంది అవుతుందని అలా అన్నాను."

"నాకా సార్, మీకా?"

చేతులు కడుక్కున్నాడు, అవసరం లేకపోయినా. నేను తువ్వాలు ఇచ్చాను.

మరుసటి ఎండాకాలం నిద్రలోనే పోయాడు. కొడుకు వచ్చి, అన్నీ జరిపించి, ఇల్లు తాళం వేసి వెళ్ళాడు. ఇన్నాళ్ళకు ఇల్లు అమ్ముతూ సామాను సర్దుతుంటే అటక మీద ఒక పెట్టె దొరికిందట. పార్శిల్ రాకముందు ఫోన్ చేశాడు.

"ఆంటీ, డాడ్ ఒక నోట్ పెట్టారు. నాకు తెలుగు చదవడం రాదు. ఇక్కడ ఒక ఫ్రెండ్ చదివి, అది మీకు ఇవ్వాలి అన్నాడు. సారీ, చాలా లేట్ అయింది."

పెట్టె తెరిచాను. తోలు మడతల దగ్గర బిగుసుకుపోయింది. లోపలి వైపు ఒక చీటీ, నాలుగు మూలలా కుట్టి ఉంది, అవే సన్నటి కుట్లు. వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాను. నాకు చాలాసేపు పట్టింది.

'ఇది నేను చేయలేదు. చేశానని నలుగురి ముందు చెప్పాను, అది అబద్ధం.' కింద నా పేరు రాశాడు, ఫలానా ఆయన కూతురు అని మా నాయిన పేరు రాశాడు. ఎప్పుడో మాటల్లో ఒకసారి చెప్పిన పేరు. 'ఆమె చేసింది. ఆమెకు ఇవ్వండి.'

ఆ అక్షరాలు పెట్టె తెరిచి చదవగలిగేవాళ్ళ కోసం రాశాడు. నాకు చదువు రాదు కదా. అందుకని నా కోసం అడుగున ఒక బొమ్మ వేశాడు. నాలుగు కాళ్ళున్న మూత్రపిండం. దానికి రెండు కొమ్ములు.

మా అమ్మాయి వెనక నిలబడి చదివింది. "లోపల పెట్టేయ్ అమ్మా," అంది. గొంతు గట్టిగా లేదు.

చీటీ విప్పి దాచుకున్నాను. తోలుకు లోపలి వైపు తడి గుడ్డ చుట్టి ఉంచాను.

మరునాడు శనివారం. పొద్దున్నే చూస్తే తోలుకు తడి సరిగ్గా పట్టింది. అలా వదిలేస్తే చెక్కవుతుంది. ఇంటి ముందు వరండాలోకి కుర్చీ ఈడ్చి, దాని వీపు మీద తోలు వేసి గుంజడం మొదలుపెట్టాను. వాకింగ్‌కు పోతున్న ఎదురింటి తెలుగు అమ్మాయి ఆగింది. మా అమ్మాయి ఫ్రెండే, వ్రతాలకు పిలుస్తూ ఉంటుంది.

"ఏంటి ఆంటీ అది? డియర్ స్కిన్నా? వావ్! మీరే చేస్తున్నారా? ఎక్కడ నేర్చుకున్నారు?"

తలుపు దగ్గర మా అమ్మాయి కాఫీ కప్పుతో నిలబడి ఉంది. దాన్ని చూశాను. అది తల దించుకుంది గానీ లోపలికి పోలేదు.

"మా నాయిన దగ్గర నేర్చుకున్న బిడ్డా. మా కులపోళ్ళ పని. మేం మాదిగోళ్ళం," అన్నాను. చేతులు ఆపలేదు. "ఒక్కదాన్నే గుంజలేకపోతున్న. జర ఆ కొస పట్టుకో."

అని, తోలు రెండో కొస ఆమె వైపు చాచాను.